పైథాన్‌తో టెక్స్ట్ ఫైళ్లలో వెతకడం: పాత్ ఎర్రర్లు రాకుండా ఏ పద్ధతి ఎంచుకోవాలి?

ఒక ఫోల్డర్ నిండా టెక్స్ట్ ఫైళ్లు ఉన్నాయి, వాటిలో ఒక మాట ఎక్కడెక్కడ ఉందో తెలియాలి. పైథాన్‌లో ఇది పదిహేను లైన్లకు మించని పని. ఫైళ్ల పేర్లు తెచ్చుకుని, ఒక్కోటి తెరిచి, లైను తర్వాత లైను చదువుతూ, మాట కనబడిన చోట ప్రింట్ చేయడమే. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది అసలు వెతుకులాట మొదలవకముందే ఆగిపోతారు. ఫైలు కళ్లెదుటే ఉంటుంది, పైథాన్ మాత్రం ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్ అంటుంది. ఇక టెన్షన్ మొదలవుతుంది. ఫైలు పేరు మార్చి చూస్తారు, డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి చూస్తారు, చివరికి పైథాన్‌నే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు.

ఈ ఎర్రర్లలో ఎక్కువ వాటికి కారణం మనం ఎంచుకున్న పద్ధతిలోనే ఉంటుంది. ఫోల్డర్‌లోని ఫైళ్లను తెచ్చుకోవడానికి పైథాన్‌లో కనీసం నాలుగు దారులున్నాయి, పాత్ (డ్రైవ్, ఫోల్డర్లతో కలిపి రాసే ఫైలు చిరునామా) రాయడానికి మూడు రకాలున్నాయి, ఆ పాత్ ఎక్కడి నుంచి మొదలవ్వాలో చెప్పడానికి ఇంకో నాలుగు. ఎర్రర్ వచ్చిన చోటల్లా అతుకు వేసుకుంటూ పోయే కన్నా, ఈ మూడు ఎంపికలూ ముందే తెలిసి చేసుకుంటే మేలు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం. డి డ్రైవ్‌లో 'కథలు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో పేరు పెట్టిన ఫోల్డర్ ఉంది. లోపల 2018, 2019, 2020 అని ఏడాదికో సబ్‌ఫోల్డర్. వాటిలో తెలుగులో టైప్ చేసిన కథల ఫైళ్లు. 'గోదావరి' అనే మాట ఏయే కథల్లో వచ్చిందో మనకు కావాలి.

ఎర్రర్‌లో ఆఖరి లైను

ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ వచ్చినప్పుడు పైథాన్ చూపించే సందేశం) ఎంత పొడుగ్గా వచ్చినా ముందు చదవాల్సింది ఆఖరి లైనే. అందులో ఒక నంబరు ఉంటుంది, కొటేషన్ గుర్తుల మధ్య ఒక పాత్ ఉంటుంది. చాలామంది ఎర్రర్ పేరు చూసి వదిలేస్తారు. అసలు విషయం ఆ కొటేషన్ల మధ్య ఉంది. మీరు రాశాననుకున్నది కాదు, పైథాన్ చేతికి నిజంగా అందిన పాత్ అది.

అక్కడ ఫోల్డర్ ఊసు లేకుండా ఉత్త ఫైలు పేరే కనిపిస్తే, ఫోల్డర్ పేరు కలపడం మరిచారన్నమాట. పాత్ మధ్యలో మీరు రాయని వింత గుర్తులు కనిపిస్తే బ్యాక్‌స్లాష్ గొడవ. పేరు చివర టీఎక్స్‌టీ ఒక్కసారే ఉండి, ఫైలుకు మాత్రం రెండుసార్లు ఉంటే అది విండోస్ ఎక్స్‌టెన్షన్లు దాచిపెట్టడం వల్ల వచ్చిన తిప్పలు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ ఆన్ చేస్తే అసలు పేరు బయటపడుతుంది. బ్యాక్‌స్లాష్‌లు జంటగా కనిపిస్తే మాత్రం కంగారు పడొద్దు, ఒక బ్యాక్‌స్లాష్‌ని ఎర్రర్‌లో పైథాన్ అలాగే చూపిస్తుంది.

నంబర్ల సంగతికొస్తే, 2 అంటే ఆ పాత్‌లో ఏమీ లేదని. 13 అంటే పర్మిషన్ లేదని, కానీ విండోస్‌లో ఫైలు బదులు ఫోల్డర్‌ని తెరవబోయినా ఇదే 13 వస్తుంది. అలాంటప్పుడు అడ్మినిస్ట్రేటర్‌గా రన్ చేసినా లాభం లేదు. మన ఉదాహరణలో 2018 అనేది ఫైలు కాదు, సబ్‌ఫోల్డర్. దాన్ని ఓపెన్‌కి ఇస్తే విండోస్ 13 అంటుంది, లినక్స్ అయితే 21 నంబరుతో ఇది డైరెక్టరీ అని నేరుగా చెబుతుంది. 22 వస్తే పాత్‌లో విండోస్ ఒప్పుకోని అక్షరం ఏదో దూరిందని అర్థం.

స్లాష్ ఎటు వంచాలి

విండోస్ వాడేవాళ్లకు మొదటి దెబ్బ ఇక్కడే. ఎక్స్‌ప్లోరర్ నుంచి పాత్ కాపీ చేసి కొటేషన్ల మధ్య పెడతారు. పైథాన్ స్ట్రింగ్‌లో బ్యాక్‌స్లాష్‌కి ప్రత్యేక అర్థం ఉంది, పక్క అక్షరంతో కలిసి అది 'ఎస్కేప్' అవుతుంది. దాని పక్కన చిన్న ఎన్ వస్తే కొత్త లైను, చిన్న టీ వస్తే ట్యాబ్, పెద్ద యూ వస్తే ఎనిమిది అంకెల యూనికోడ్ నంబరు. అందుకే సి డ్రైవ్‌లోని యూజర్స్ ఫోల్డర్ పాత్‌ని అలాగే అతికిస్తే ప్రోగ్రాం మొదలవకముందే యూనికోడ్ ఎస్కేప్ అంటూ సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. అది వెంటనే కనిపిస్తుంది కాబట్టి నయం.

మన ఉదాహరణలో జరిగేది అంతకన్నా చిక్కు. 'డి:\కథలు\2019' అని రాశారనుకోండి. బ్యాక్‌స్లాష్ తర్వాత 0 నుంచి 7 లోపు అంకెలు వస్తే పైథాన్ వాటిని మూడింటి దాకా కలిపి ఆక్టల్ నంబరుగా, అంటే 0 నుంచి 7 అంకెలతోనే రాసే లెక్కలో, చదువుతుంది. 201 అనేది ఒక కనిపించని అక్షరం అయిపోతుంది, చివరి 9 ఒక్కటీ మిగులుతుంది. ఎర్రర్ లైనులో 2019 ఉండాల్సిన చోట బ్యాక్‌స్లాష్, ఎక్స్, 819 కనిపిస్తాయి. ఇది చెల్లుబాటయ్యే ఎస్కేప్ కాబట్టి ఈ 201 గురించి పైథాన్ ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వదు (3.12 నుంచి హెచ్చరిక కనిపించినా అది ఫోల్డర్ పేరు ముందున్న బ్యాక్‌స్లాష్, కే గురించే). ఏడాదుల పేర్లతో ఫోల్డర్లు పెట్టుకునే అలవాటు మనలో ఎంతమందికి ఉందో తలుచుకుంటే ఇది అరుదైన సంగతేం కాదు.

దీనికి మూడు దారులు. బ్యాక్‌స్లాష్‌ని రెండేసిసార్లు రాయడం ఒకటి. పని చేస్తుంది కానీ పొడుగు పాత్‌లో ఎక్కడో ఒకటి మరిచిపోతాం. స్ట్రింగ్ ముందు ఆర్ అక్షరం పెట్టి రా స్ట్రింగ్ చేయడం రెండోది. కాపీ చేసి అతికించేవాళ్లకు ఇది అనువు, కాకపోతే రా స్ట్రింగ్ చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉండకూడదు, ఉంటే సింటాక్స్ ఎర్రర్. మూడోది ముందుకు వంగే స్లాష్: 'డి:/కథలు/2019'. విండోస్‌లో పైథాన్ దీన్ని చక్కగా ఒప్పుకుంటుంది, లినక్స్‌లో ఎలాగూ ఇదే. చేత్తో రాసే పాత్ అయితే నేను ఇదే సిఫారసు చేస్తాను. అతికించే పాత్ అయితే రా స్ట్రింగ్.

అతికించేటప్పుడు ఇంకో సంగతి. ఫైలు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ ట్యాబ్ నుంచి పాత్ కాపీ చేస్తే మొదట్లో కంటికి కనిపించని గుర్తు ఒకటి తోడొస్తుంది. ఎర్రర్‌లో అది యూ202ఏ అని కనబడుతుంది, నంబరు 22. డ్రైవ్ అక్షరానికి ముందున్న దాన్ని చెరిపి ఆ భాగం మళ్లీ టైప్ చేయడమే మందు. ఫైలు మీద రైట్ క్లిక్ చేసి 'కాపీ యాజ్ పాత్' వాడితే ఈ బెడద లేదు.

పాత్ ఎక్కడి నుంచి మొదలవ్వాలి

'కథలు/2018' అని మాత్రమే రాస్తే పైథాన్ దాన్ని ప్రస్తుత వర్కింగ్ డైరెక్టరీ (ప్రోగ్రాం ఆ సమయంలో నిలబడ్డ ఫోల్డర్) నుంచి లెక్కపెడుతుంది, మీ స్క్రిప్ట్ ఉన్న చోటు నుంచి కాదు. ఈ ఒక్క తేడా దగ్గర పడే ఇబ్బంది ఇంతా అంతా కాదు. పైథాన్‌తో పాటు వచ్చే ఎడిటర్ ఐడిల్‌లో ఎఫ్5 నొక్కితే వర్కింగ్ డైరెక్టరీ స్క్రిప్ట్ ఉన్న ఫోల్డరే అవుతుంది, అంతా బాగానే ఉంటుంది. అదే స్క్రిప్ట్‌ని వీఎస్ కోడ్‌లో రన్ చేస్తే మామూలుగా మీరు తెరిచిన ప్రాజెక్ట్ ఫోల్డర్ అవుతుంది. లినక్స్‌లో చెప్పిన వేళకు ప్రోగ్రాంలు నడిపే క్రాన్‌లో పెడితే హోం డైరెక్టరీ. విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలేస్తే సాధారణంగా సిస్టం32. కోడ్ మారలేదు, ఫైళ్లు కదల్లేదు, అయినా ఎర్రర్.

అనుమానం వస్తే ఓఎస్.గెట్‌సీడబ్ల్యూడీ ఇచ్చే విలువను ప్రింట్ చేసి చూడండి. సగం సందర్భాల్లో అక్కడే తేలిపోతుంది.

ఫైళ్లు ప్రోగ్రాంతో పాటే ఒకే ఫోల్డర్‌లో ఉండి, రెండూ కలిసే ఇంకో కంప్యూటర్‌కి వెళ్తాయనుకుంటే, స్క్రిప్ట్ చిరునామా నుంచి లెక్కపెట్టడం సరైన పద్ధతి. అంటే అండర్‌స్కోర్లతో రాసే ఫైల్ అనే పేరును పాత్‌గా మార్చి, రిజాల్వ్ చేసి (పూర్తి పాత్‌గా మార్చి), దాని పేరెంట్, అంటే అది ఉన్న ఫోల్డర్, తీసుకోవడం. జూపిటర్ నోట్‌బుక్‌లో ఆ పేరు ఉండదు, నేమ్ ఎర్రర్ వస్తుంది, కాబట్టి నోట్‌బుక్ వాడేవాళ్లు దీని జోలికి పోకపోవడమే మంచిది. ఒక్క కంప్యూటర్‌లో ఒక్కసారి చేసే పని అయితే డ్రైవ్‌తో సహా పూర్తి పాత్ రాసేయండి, తప్పేమీ లేదు. పూర్తి పాత్ రాయడం చెడ్డ అలవాటని కొందరు కొత్తవాళ్లను బెదరగొడతారు. ఒక సాయంత్రం పనికి అంత పట్టింపు అక్కర్లేదు.

పదే పదే వాడే వెతుకులాట ప్రోగ్రాం అయితే మాత్రం ఫోల్డర్‌ని కమాండ్ లైన్ నుంచి ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవడమే అన్నిటికన్నా మంచిది. కోడ్‌లో పాత్ రాయనే రాయరు కాబట్టి బ్యాక్‌స్లాష్ గొడవ కూడా పోతుంది. షెల్ (కమాండ్లు టైప్ చేసే ప్రోగ్రాం) నుంచి వచ్చే పాత్‌లో ఎస్కేప్‌లు ఉండవు. పేరులో ఖాళీ ఉంటే కొటేషన్లలో పెట్టాలి, అంతే.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. టిల్డే గుర్తును హోం ఫోల్డర్‌గా మార్చేది షెల్, పైథాన్ కాదు. కోడ్‌లో రాస్తే ఎక్స్‌పాండ్‌యూజర్ పిలవాలి. విండోస్‌లో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు చాలా కంప్యూటర్లలో వన్‌డ్రైవ్ కిందికి మారిపోయి ఉంటాయి, అందుకని యూజర్ పేరు తర్వాత నేరుగా డెస్క్‌టాప్ అని ఊహించి రాయొద్దు.

ఫైళ్లను తెచ్చే నాలుగు దారులు

ఓఎస్.లిస్ట్‌డిర్ అందరూ మొదట నేర్చుకునేది. ఫోల్డర్ ఇస్తే లోపలి పేర్ల జాబితా ఇస్తుంది. పేర్లు మాత్రమే, పాత్‌లు కాదు. లూప్‌లో ఆ పేరుని తిన్నగా ఓపెన్‌కి ఇస్తే వర్కింగ్ డైరెక్టరీలో వెతికి లేదంటుంది. టెక్స్ట్ ఫైళ్లలో వెతికే ప్రోగ్రాంలలో చాలా తరచుగా కనిపించే ఎర్రర్ ఇది. ఓఎస్.పాత్.జాయిన్‌తో ఫోల్డర్‌నీ పేరునీ కలిపితే సరిపోతుంది. జాయిన్‌లో రెండో ముక్క స్లాష్‌తో మొదలైతే మొదటి ముక్కలోని ఫోల్డర్లను పైథాన్ వదిలేస్తుందని కూడా తెలిసుండాలి.

కొందరు జాయిన్ బదులు ఓఎస్.సీహెచ్‌డిర్‌తో ఆ ఫోల్డర్‌లోకే వెళ్లిపోతారు. ఎర్రర్ మాయమవుతుంది. ఈ సలహా చాలాచోట్ల కనిపిస్తుంది, నేను మాత్రం వద్దంటాను. 2018లోకి వెళ్లాక 2019కి వెళ్లబోతే పైథాన్ 2018 లోపల 2019 కోసం వెతుకుతుంది. ఫలితాలను ఒక టెక్స్ట్ ఫైల్లో రాస్తే అది కూడా కథల మధ్యే వచ్చి పడుతుంది, మర్నాడు మళ్లీ వెతికితే మీ ఫలితాల ఫైల్లో కూడా 'గోదావరి' దొరుకుతుంది. ఒక లైను ఆదా కోసం ప్రోగ్రాం మొత్తం నిలబడ్డ చోటుని మార్చడం తగదు.

ఓఎస్.వాక్ సబ్‌ఫోల్డర్లన్నిటిలోకీ వెళ్తుంది. ప్రతి అడుగులో మూడు ఇస్తుంది: ఇప్పుడున్న ఫోల్డర్, అందులోని ఫోల్డర్ల పేర్లు, ఫైళ్ల పేర్లు. ఇక్కడి పొరపాటు ఏమిటంటే, ఇప్పుడున్న ఫోల్డర్‌తో కాకుండా మొదట ఇచ్చిన ఫోల్డర్‌తో పేరుని కలపడం. పై ఫోల్డర్‌లోని ఫైళ్లు తెరుచుకుంటాయి, లోపలివి తెరుచుకోవు, అందుకే రెండు మూడు ఫైళ్లతో పరీక్షించినప్పుడు తప్పు బయటపడదు. వాక్‌కి ఒక గొప్ప బలం ఉంది. ఫోల్డర్ల జాబితాలోంచి ఒక పేరు తీసేస్తే ఆ ఫోల్డర్ జోలికే పోదు. బ్యాకప్‌లు, గిట్ ఫోల్డర్లు లాంటివి దాటేయాల్సి వస్తే దీనికి సాటి లేదు.

గ్లోబ్ నక్షత్రం గుర్తుతో వెతుకుతుంది, పాత్ కలిపే ఇస్తుంది కాబట్టి లిస్ట్‌డిర్ సమస్య రాదు. కానీ రెండు నక్షత్రాలు పెట్టి, రికర్సివ్ ట్రూ అని (అన్ని లోతుల్లోకీ వెళ్లమని) ఇవ్వడం మరిస్తే ఆ రెండు నక్షత్రాలూ ఒక్క నక్షత్రంలాగే పని చేస్తాయి. సరిగ్గా ఒక మెట్టు లోపలున్న ఫైళ్లే వస్తాయి. మన ఉదాహరణలో కథలన్నీ ఒక మెట్టు లోపలే ఉన్నాయి కాబట్టి అంతా సవ్యంగా కనిపిస్తుంది. రేపు 2020 లోపల 'అనువాదాలు' అని ఇంకో ఫోల్డర్ పెడితే అవి ఫలితాల్లో ఉండవు, ఎర్రరూ ఉండదు. ఫోల్డర్ పేరులో చదరపు బ్రాకెట్లు ఉన్నా ఇంతే, గ్లోబ్ వాటిని నమూనాగా చదువుతుంది. గ్లోబ్.ఎస్కేప్ అందుకే ఉంది.

నాలుగోది పాత్‌లిబ్. 2014లో పైథాన్ 3.4తో వచ్చింది, 3.6 నుంచి ఓపెన్ లాంటి ఫంక్షన్లు పాత్ ఆబ్జెక్ట్‌ని నేరుగా తీసుకుంటున్నాయి. ఫోల్డర్‌ని పాత్‌గా చేసి ఆర్‌గ్లోబ్ పిలిస్తే అన్ని లోతుల్లోని ఫైళ్లూ, ఫోల్డర్ పేరు కలిపిన పాత్‌లుగా వస్తాయి. కలపడం మరిచే వీలే లేదు, రికర్సివ్ అని చెప్పడం మరిచే వీలూ లేదు. ఎక్స్‌టెన్షన్ కావాలంటే సఫిక్స్, ఉత్త పేరు కావాలంటే నేమ్, అన్నీ ఆ పాత్‌లోనే దొరుకుతాయి.

ఈ నాలుగింటి మధ్య ఎవరూ పెద్దగా చెప్పని తేడా ఒకటుంది, ఎంపికలో నేను దానికే ఎక్కువ విలువిస్తాను. లేని ఫోల్డర్ ఇచ్చినప్పుడు ఏమవుతుంది? లిస్ట్‌డిర్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. వాక్, గ్లోబ్, ఆర్‌గ్లోబ్ మూడూ నోరు మెదపవు. లూప్ ఒక్కసారి కూడా తిరగదు, ప్రోగ్రాం ప్రశాంతంగా ముగుస్తుంది. 'గోదావరి అనే మాట ఎక్కడా లేదు' అనే ఫలితానికీ, 'అసలు ఏ ఫైలూ తెరవలేదు' అనే పరిస్థితికీ తెర మీద తేడా కనిపించదు. ఎర్రర్ వస్తే కనీసం తెలుస్తుంది, ఈ మౌనం అంతకన్నా ప్రమాదం. అందుకని వీటిలో ఏది వాడినా మొదట ఈజ్‌డిర్‌తో ఫోల్డర్ ఉందో లేదో చూడండి, లేకపోతే రిజాల్వ్ చేసిన పూర్తి పాత్‌ని చూపించి ఆపేయండి. చివర్లో ఎన్ని ఫైళ్లు తెరిచారో లెక్క ప్రింట్ చేయండి. సున్నా కనిపిస్తే ఎక్కడ చూడాలో అర్థమైపోతుంది.

ఫైలు తెరిచే ముందు ఎగ్జిస్ట్స్‌తో చూడాలా, ట్రైలో (ఎర్రర్ వస్తే ఎక్సెప్ట్ పట్టుకునేలా) పెట్టాలా అని కూడా అడుగుతుంటారు. ఫైళ్ల దగ్గర ట్రై మంచిది, చూసిన క్షణానికీ తెరిచే క్షణానికీ మధ్య ఫైలు పోవచ్చు. అయితే ఎక్సెప్ట్‌లో పాస్ అని రాసి వదిలేయకండి, తెరవలేకపోయిన పాత్‌ని తప్పకుండా ప్రింట్ చేయండి.

తెలుగు పేర్లు, తెలుగు టెక్స్ట్

పైథాన్ 3కి తెలుగు ఫైలు పేర్లతో ఏ ఇబ్బందీ లేదు. తంటా ఒకేలా కనిపించే రెండు పేర్లు లోపల వేరుగా ఉండటంలో వస్తుంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయొచ్చు: ఒకే గుర్తుగా, లేదా ఎత్వం కింద ఐత్వపు గుర్తు విడిగా చేర్చి. పాత మ్యాక్ ఫైల్ సిస్టం పేర్లను విడదీసి దాచేది. అలాంటి కంప్యూటర్ నుంచి వచ్చిన 'వైశాఖం' అనే ఫైలుని లినక్స్‌లో మీరు టైప్ చేసిన 'వైశాఖం'తో తెరవబోతే దొరకదు. పేరు చివర పొల్లు హల్లు ఉండి, దాని తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు) ఒకటి చేరి ఉన్నా ఇదే పరిస్థితి, కంటికి ఏ తేడా కనబడదు. పేరుని ఆస్కీ ఫంక్షన్‌లో పెట్టి ప్రింట్ చేస్తే ఒక్కో అక్షరం నంబరు బయటపడుతుంది. ఐత్వం తేడాని యూనికోడ్‌డేటా మాడ్యూల్‌లోని నార్మలైజ్ సరిచేస్తుంది, నాన్ జాయినర్‌ని మాత్రం అది తీయదు, రీప్లేస్‌తో తీసేయాలి. పోల్చేటప్పుడు మాత్రమే ఇలా చేయండి, తెరిచేటప్పుడు డిస్క్ ఇచ్చిన పేరునే వాడండి. వెతికే మాటలో ఐత్వం ఉంటే ఫైలు లోపలి టెక్స్ట్‌కి కూడా ఇదే చేయాలి.

ఫైలు దొరికి, తెరుచుకుని, చదవడంలో యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వస్తే అది పాత్ సమస్య కాదు. మన దగ్గర మామూలుగా ఉండే ఇంగ్లిష్ విండోస్‌లో, ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతి) చెప్పకపోతే పైథాన్ సీపీ1252 అనే పాశ్చాత్య భాషల పద్ధతితో చదవబోతుంది. తెలుగు పొల్లు యూటీఎఫ్-8లో 8డీ అనే బైట్‌తో, కొమ్ము 81తో ముగుస్తాయి. సీపీ1252లో ఆ రెండింటికీ అక్షరమే లేదు. అందుకే దాదాపు ప్రతి తెలుగు ఫైలూ అక్కడ ఆగిపోతుంది. ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని రాస్తే చాలు.

ఎవరికి ఏది

ఒకే ఫోల్డర్, సబ్‌ఫోల్డర్లు లేవు, ఇప్పుడే నేర్చుకుంటున్నారు అంటే లిస్ట్‌డిర్, జాయిన్ జంటతో మొదలుపెట్టండి. ఫోల్డర్ లేకపోతే వెంటనే ఎర్రర్ ఇస్తుంది, పాత్ అంటే ఏమిటో కూడా బాగా అర్థమవుతుంది. కొన్ని ఫోల్డర్లను వదిలేసి వెతకాలంటే వాక్. మిగతా అన్నిటికీ నా ఓటు పాత్‌లిబ్‌కే: ఫోల్డర్ ఆర్గ్యుమెంట్‌గా తీసుకోవడం, ఈజ్‌డిర్‌తో చూడటం, ఆర్‌గ్లోబ్‌తో అన్నీ తెచ్చి, ఈజ్‌ఫైల్ అయినవీ, సఫిక్స్‌ని చిన్న అక్షరాల్లోకి మార్చి పోలిస్తే సరిపోయేవీ మాత్రమే ఉంచడం. లినక్స్‌లో పెద్ద అక్షరాల టీఎక్స్‌టీ, చిన్న అక్షరాల టీఎక్స్‌టీ వేర్వేరు కాబట్టి నమూనాలో ఎక్స్‌టెన్షన్ రాయడం కన్నా ఇదే నమ్మకం. ఫలితాలు ఒక వరుసలో రావాలంటే సార్టెడ్‌లో పెట్టండి, ఆర్‌గ్లోబ్ ఏ వరుసకీ హామీ ఇవ్వదు.

గ్లోబ్ మాడ్యూల్‌ని విడిగా ఎంచుకోవడానికి కొత్త ప్రోగ్రాంలో నాకు కారణం కనిపించదు. పాత కోడ్‌లో ఉంటే మార్చాల్సిన పనీ లేదు, రికర్సివ్ ఇచ్చారో లేదో చూసుకుంటే చాలు.

ఒక్కసారి వెతికి వదిలేసే పని అయితే పైథాన్ కూడా అక్కర్లేదు. లినక్స్, మ్యాక్‌లలో గ్రెప్ ఉంది. రిప్‌గ్రెప్ విండోస్‌లో కూడా పని చేస్తుంది, సబ్‌ఫోల్డర్లలోకి తనంతట తనే వెళ్తుంది. అయితే అది దాచిన ఫైళ్లనూ, గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల జాబితాలో) ఉన్నవాటినీ మామూలుగా వదిలేస్తుంది, కాబట్టి ఉండాల్సిన ఫైలు ఫలితాల్లో లేకపోతే ముందు అక్కడ చూడండి.